పారిస్ మెట్రోలో అమ్మతో నాలుగు రోజులు, మెట్లు ఎక్కగలదా?

మోకాళ్లపర్వతం:
వచ్చే నెల పారిస్ వెళ్తున్నాం అండీ, నేను, మా ఆయన, ఆరేళ్ల బాబు, మా అమ్మ. అమ్మకి 68, మోకాళ్లు బాగా నొప్పి, నడుస్తుంది కానీ మెట్లంటే కష్టం. గురువారం పొద్దున చార్ల్స్ డి గాల్ ఎయిర్‌పోర్టులో దిగి ఆదివారం రాత్రి వెనక్కి. హోటల్ మోంపర్నాస్ దగ్గర బుక్ చేశాం. మెట్రోలో లిఫ్టులు ఉండవని ఒకరు, ట్యాక్సీలకే డబ్బంతా పోతుందని ఇంకొకరు, ఇప్పుడు నాకు టెన్షన్ మొదలైంది. వారం పాస్ తీసుకోవాలా, విడి టికెట్లా? ఒక్క కార్డు కొని నలుగురం వాడుకోవచ్చా?

చివరిబండి:
చివరి ప్రశ్నకి ముందు చెప్తా, వాడుకోకూడదు. నవిగో ఈజీ అని రెండు యూరోల కార్డు ఉంటుంది, దాంట్లో టికెట్లు నింపుకోవాలి, మనిషికొకటి ఉండాల్సిందే. నేను మా నాన్నతో వెళ్లినప్పుడు తెలివి ఎక్కువై ఒక్క కార్డే కొన్నా. నేను గేటు దాటాక కార్డు వెనక్కి ఇచ్చా, ఆయన పెడితే ఎర్ర లైటు. వెనక జనం ఆగిపోయారు, ఇక సిగ్గేసి ఇద్దరం ఒకరికొకరం అతుక్కుని గేటు దాటేశాం. కారిడార్ మలుపు తిరగ్గానే చెకింగ్ వాళ్లు వరసగా నిలబడి ఉన్నారు, జరిమానా అక్కడికక్కడే కట్టించుకున్నారు. తప్పు నాదే, వాదించడానికి నోరు రాలేదు. నాన్న మాత్రం ఆ రసీదు ఇప్పటికీ బీరువాలో దాచారు.

పెద్దవాళ్లకి వారం పాసే నయం. అది సోమవారం నుంచి ఆదివారం వరకే, మీరు ఏ రోజు కొన్నా సరే. సోమవారం దిగేవాళ్లకి మంచి బేరం, ఎయిర్‌పోర్టు ప్రయాణం కూడా అందులోనే వస్తుంది కాబట్టి. గురువారం దిగి ఆదివారం వెళ్లే మీకూ, ఎయిర్‌పోర్టుకి రానూ పోనూ ఉంది కాబట్టి, అది గిట్టుబాటే. నాలుగేళ్లు నిండి పదేళ్లు నిండని పిల్లలకి మెట్రోలో సగం టికెట్ ఉంటుంది, బాబు కార్డులో అది వేయించండి.

ఐదోఅంతస్తు:
ఇక్కడ నాలుగేళ్లుగా ఉంటున్నా. అక్కా, టికెట్ల గొడవ పది నిమిషాల్లో తేలిపోతుంది, అసలు సమస్య మీ అమ్మగారి మెట్లే. ఈ మెట్రో మొదలైంది 1900లో, అప్పుడు లిఫ్టుల గురించి ఎవరూ ఆలోచించలేదు. అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులున్న లైన్ కావాలంటే 14 ఒక్కటే. మిగతా చోట్ల ఎస్కలేటర్ ఉన్నా, అది ఎక్కాక ఇంకో పదిహేను మెట్లు ఉంటాయి, అక్కడే ఒళ్లు మండుతుంది.

ముఖ్యంగా షాత్లే అనే పెద్ద స్టేషన్‌లో లైన్ మారే ప్లాన్ పెట్టుకోకండి. మ్యాప్‌లో ఒక చుక్కలాగే కనిపిస్తుంది, దిగి చూస్తే నడిచి నడిచి ఊరు దాటామేమో అనిపిస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి ఆర్‌ఈఆర్ బి అనే లోకల్ రైలు ఎక్కి షాత్లే వచ్చినా కదలకుండా కూర్చుని డాంఫెర్-రోష్రోలో దిగండి, అక్కడ 6వ లైన్ ఎక్కితే మూడో స్టేషన్ మోంపర్నాస్. కానీ మోంపర్నాస్ స్టేషన్ కూడా పెద్దదే, అందులో 4, 12 లైన్లు ఒక కొసన, 6, 13 ఇంకో కొసన, మధ్యలో పొడుగాటి కదిలే బాట. హోటల్ ఎటువైపో చూసుకోండి, ఒక స్టేషన్ ముందున్న ఎడ్గార్ కినే దగ్గరైతే అక్కడే దిగండి, చిన్న స్టేషన్, తప్పిపోయే భయం లేదు.

ఎఫిల్ టవర్‌కి అందరూ బిర్-హకేమ్‌లో దిగమంటారు. మీరు దిగకండి. అదే 6వ లైన్‌లో ఎతోల్ వైపు వెళ్తూ కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోండి, బిర్-హకేమ్ దాటగానే రైలు నది మీదుగా వెళ్తుంది, టవర్ మొత్తం పక్కనే కనిపిస్తుంది. తర్వాత పస్సీ, ఆ తర్వాత త్రోకదేరో. అక్కడ దిగితే నదికి అవతల నుంచి టవర్ ఎదురుగా నిలబడి ఉంటుంది, అమ్మగారు ఫొటో దిగాక కూర్చోవచ్చు.

లూవ్ర్ మ్యూజియానికి మెట్రో మర్చిపోండి, మోంపర్నాస్ నుంచి 95 నంబర్ బస్సు నేరుగా వెళ్తుంది. బస్సుల ఫ్లోరు కిందికే ఉంటుంది, ఎక్కడం తేలిక, పైగా ఊరు చూసినట్టూ ఉంటుంది.

చివరిబండి:
బస్సు అన్నారు కాబట్టి ఒక మాట. విడి టికెట్లయితే బస్సు టికెట్ వేరు, మెట్రో టికెట్ వేరు, 2025 జనవరి నుంచి ఇలా చేశారు. మెట్రో దిగి అదే టికెట్‌తో బస్సెక్కితే చెల్లదు. ఆ ఏడాది మెట్రో 2.50, బస్సు 2, ఎయిర్‌పోర్టు 13 యూరోలు, జనవరిలో రేట్లు మారుతుంటాయి కాబట్టి మెషీన్ దగ్గర చూసుకోండి. ఇంకోటి, బ్యాంకు కార్డు గేటుకి పెడితే లండన్‌లోలా తెరుచుకోదు.

మోకాళ్లపర్వతం:
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ, 95 నంబర్ రాసి పెట్టుకున్నా. ఎటువైపు రైలు ఎక్కాలో బోర్డు చూసి ఎలా తెలుస్తుంది? మోంమార్త్ కొండ కూడా చూడాలంటోంది అమ్మ, ఆ మెట్లు ఫొటోల్లో చూస్తేనే నాకు భయం.

ఐదోఅంతస్తు:
లైన్ చివరి స్టేషన్ పేరు రాసి ఉంటుంది, దాన్ని పట్టుకోండి. మీరు ఎఫిల్ వైపు వెళ్లేటప్పుడు "చార్ల్స్ డి గాల్ - ఎతోల్" అని ఉన్న వైపు. చార్ల్స్ డి గాల్ అన్నారని ఎయిర్‌పోర్టు అనుకోకండి, చాలామంది అక్కడే బోల్తా పడతారు. కొన్ని పాత రైళ్లలో తలుపు దానంతటదే తెరుచుకోదు, పిడి పైకి ఎత్తాలి, బాబుకి ఆ పని అప్పజెప్పండి.

మోంమార్త్‌కి 12వ లైన్‌లో ఆబెస్ స్టేషన్‌లో దిగాలి. నేల కింద 36 మీటర్లు, చాలా లోతైన స్టేషన్, కానీ లిఫ్టు ఉంది. జనం గుండ్రటి మెట్ల వైపు పోతుంటారు, వాళ్ల వెంట పడకుండా లిఫ్టు కోసం ఆగండి. కొండ మీదికి ఫ్యునిక్యులర్ అని వాలు మీద ఎక్కే చిన్న బండి ఉంది, అది ఎక్కండి. లిఫ్టు పనిచేయకపోతే మాత్రం ఆ రోజు ట్యాక్సీ పిలవండి, డబ్బు చూసుకోవద్దు.