గొట్టా గేట్లు తెగిపోయాయంట, ఇలాంటివి నిజమో కాదో ఎలా తెలుస్తాది?

టెక్కలి కుర్రోడు:
నిన్న రాత్రి మా మావయ్య ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టీసినాడు, వంశధార పొంగిపోయి గొట్టా బ్యారేజీ గేట్లు తెగిపోయాయంట, రేపు పొద్దున్నకి కింద ఊళ్ళన్నీ ఖాళీ చేసీయాలంట. మా అమ్మ అది చూసి బియ్యం బస్తా అటక మీదకి ఎక్కించీసింది. టిట్లీ తుఫానుకి రేకులెగిరిపోయిన ఇల్లు మాది, ఆవిడ భయం ఆవిడది. తెల్లారి చూస్తే ఏటీ లేదు, ఎండ కాస్తంది. మావయ్యనడిగితే "నాకొచ్చింది నేను పంపినాను" అంటాడు. అప్పటికప్పుడు తెలుసుకోడానికి దారేటైనా ఉందా?

పలాస జీడిపప్పు:
వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో (ఫొటో పెట్టి వెతికేది) పెట్టు, పాతదైతే చాలాసార్లు దొరికిపోతాది, దొరక్కపోతే ఇంకో రెండు చోట్ల ఆపి తియ్యి. మాకూ ఒకటొచ్చింది, శ్రీకాకుళం దగ్గర బస్సు మునిగిపోయిందని. జూమ్ చేస్తే బోర్డు మీద మలయాళం అక్షరాలు! మనకి మలయాళం బస్సేటి బాబూ? లెన్స్‌లో పెడితే 2018 ఆగస్టు కేరళ వరదలది. మన టిట్లీ కూడా ఆ ఏడాదే, అక్టోబరు 11న, ఆ భయం ఇంకా పోలేదు కదా, మావోళ్ళు చూడగానే నమ్మీసినారు.

నాగావళి గట్టు:
గేట్లు ఎత్తడం వేరు, తెగిపోవడం వేరు. వరదొస్తే గేట్లు ఎత్తి నీళ్ళు కళింగపట్నం వైపు సముద్రంలోకి వదలడం మామూలే, "ఎత్తారు" అన్నది నాలుగు గ్రూపులు దాటేసరికి "తెగిపోయాయి" అయిపోతాది. నిజంగా వరదుంటే విపత్తుల నిర్వహణ సంస్థ మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది అని క్యూసెక్కుల్తో సహా చెప్తాది. నీ మెసేజ్‌లో క్యూసెక్కులున్నాయా? అన్నట్టు పైన రెండు బాణాలు ఉన్నాయేమో చూడు, ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని. అంతేగానీ అబద్ధమని కాదు, అది మళ్ళీ వేరే.

టెక్కలి కుర్రోడు:
క్యూసెక్కులు లేవన్నా, తేదీ కూడా లేదు, "రేపు" అని ఉందంతే. ఏ రేపో మరి! బాణాలు ఉన్నాయి. గ్రూపులోనే ఫేక్ అని పెట్టీమంటారా?

పలాస జీడిపప్పు:
వద్దు, పెద్దాయన, విడిగా ఫోన్ చేసి చెప్పు. నేను గ్రూపులో పెడితే మా పిన్ని సంక్రాంతి దాకా మాట్లాడలేదు.

టెక్కలి కుర్రోడు:
ఫోన్ చేసినాను, పాపం వెంటనే డిలీట్ కొట్టీసినాడు. కాకపోతే "డిలీట్ ఫర్ మీ" కొట్టినాడు. ఇప్పుడు ఆయనకి తప్ప అందరికీ కనిపిస్తంది.