కిలిమంజారోకి మొదటిసారే ఉంబ్వే దారా?

నిడదవోలు_నడక:
జనవరి ఆఖర్లో ముగ్గురం కిలిమంజారోకి బయల్దేరుతున్నాం. నాకు 34 ఏళ్ళు. వారానికి నాలుగు రోజులు పరుగెడతాను. అలిపిరి మెట్లు 3,550 ఈమధ్యే గంటా యాభై నిమిషాల్లో ఎక్కాను. ఇంతవరకూ చూసిన పెద్ద ఎత్తు కేదార్‌కంఠ, అంటే 3,800 మీటర్లు. ఏజెంటు మచామే దారి పట్టమంటున్నాడు. అక్కడేమో తిరునాళ్ళ జనమట. నా మనసు ఉంబ్వే మీద ఉంది. ఉన్న దారులన్నిటిలోకీ పొట్టిది, నిటారుది, మనుషులు తక్కువ. దారిలో బరాంకో శిబిరం చేరాక కుదిరితే వెస్టర్న్ బ్రీచ్ అనే నిటారు రాళ్ళ వాలు మీదుగా శిఖరానికి పోవాలని కూడా ఆశ. మొత్తం ఆరు రోజులు. మావాళ్ళలో ఒకడు సరే అన్నాడు, ఇంకొకడు "మా ఆవిడకి ఏమని చెప్పను" అంటున్నాడు. ఇది ధైర్యమా, తొందరపాటా? తిట్టేవాళ్ళు కారణం కూడా చెప్పి తిట్టండి.

చార్మినార్_చాయ్:
పో అన్నా, గింత ఆలోచనెందుకు? మన మలావత్ పూర్ణ 2014ల పదమూడేండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, గది గూడ టిబెట్ దిక్కు నుంచి. నెల్లూరు మల్లి మస్తాన్ బాబు 2006ల 172 దినాలల్ల ఏడు ఖండాల శిఖరాలు ఎక్కిండు, దాంట్ల కిలిమంజారో ఒకటి. మనోళ్ళు గంత జేసినంక నువ్వు మెట్లు లెక్కవెట్టుకుంట కూసుంటవా? మచామేల పోతే ముందటోని బూట్లు జూసుకుంట నడుసుడే.

మేకపిల్ల:
2019లో నేను ఎక్కింది ఉంబ్వే దారిలోనే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

గేటే సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన తూర్పు కనుమల్లో ఎంత పెద్ద కొండైనా 1,700 దాటదు. అంటే మన కొండలు అయిపోయేచోట అక్కడ నడక మొదలవుతుందన్నమాట. మొదటి రోజంతా అడవి. సన్నటి గట్టు మీద దారి, చాలాచోట్ల చెట్ల వేర్లే మెట్లు. వాన కురిసిందా, ఆ వేర్లకి సబ్బు రాసినట్టే. రెండు చేతులూ వాడితే తప్ప ఎక్కలేని చోట్లు బోలెడు. ఆ రాత్రి 2,850 దగ్గర గుహ శిబిరంలో పడుకున్నాం. మా గుడారాలు తప్ప ఇంకొకటి లేదు. ఆ నిశ్శబ్దం కోసమే మళ్ళీ పొమ్మన్నా పోతాను, అబద్ధమెందుకు.

రెండో రోజు సాయంత్రానికి బరాంకో, దాదాపు 3,950. తాటి మొద్దు నెత్తిన క్యాబేజీ పెట్టినట్టుండే వింత చెట్లు, వాటి వెనక మబ్బులో బరాంకో గోడ, మర్నాడు ఎక్కాల్సిన నిలువు రాతికొండ. టీ గ్లాసు చేతిలో ఉండగానే తలనొప్పి మొదలైంది. రాత్రి ఒక్క ముద్ద దిగలేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే ఉలిక్కిపడి లేవడం, మళ్ళీ పడుకోవడం. పొద్దున్నే గైడు నా మొహం చూసి "ఈరోజు కదలం" అన్నాడు. మేం ఏడు రోజులకి బుక్ చేసుకున్నాం కాబట్టి ఆ ఒక్కరోజు మా చేతిలో ఉంది. మధ్యాహ్నం లావా టవర్ అనే పెద్ద రాతి స్తంభం వైపు కొంచెం ఎక్కించి, తిరిగి బరాంకోకే దించి పడుకోబెట్టాడు. మర్నాడు పొద్దున నాకు ఆకలేసింది. ఆకలేయడం అంత పెద్ద వార్త అవుతుందని నాకు అక్కడే తెలిసింది.

మా జట్టులో ఒకతను 4,670 దగ్గరి బరాఫు శిబిరం నుంచే దిగిపోయాడు. అందరికంటే గట్టి మనిషి అతనే, మారథాన్లు పరుగెత్తేవాడు. రోజూ మాకంటే గంట ముందు చేరిపోయి మమ్మల్ని వెక్కిరించేవాడు కూడా. ఆ హుషారే అతన్ని ముంచిందని నా అనుమానం.

ఇంకోటి నిడదవోలు గారూ. మీరు తప్పించుకోవాలనుకుంటున్న తిరునాళ్ళ బరాంకోలో మీకోసం కాచుకుని ఉంటుంది. మచామే, లెమోషో దారుల జనమంతా కలిసేది అక్కడే. మీ నిశ్శబ్దం రెండు రోజులదే. బరాంకో గోడ మీద నేను క్యూలో నిలబడ్డాను, మన రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు.

గుంటూరు_గోలీ:
వృత్తి డాక్టరు, వ్యసనం కొండలు. ఇక్కడ అందరూ "నిటారు, నిటారు" అంటున్నారు గానీ నిటారుగా ఉండడం మోకాళ్ళ సమస్య. ఎత్తు అనేది ఊపిరితిత్తులకీ మెదడుకీ సంబంధించింది. మొదటిదానికి అలిపిరి దారిలో మోకాళ్ళ పర్వతం మంచి సాధన. రెండోదానికి తిరుమల వందసార్లు ఎక్కినా సాధన దొరకదు.

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి అని పర్వత వైద్యం చెప్పేమాట. ఉంబ్వేలో మొదటి రాత్రి 2,850, రెండో రాత్రి 3,950. ఒక్కరోజులో 1,100. మచామేలో అదే బరాంకోకి మూడో రాత్రి చేరతారు, అదీ పగలు 4,600 దగ్గరి లావా టవర్ దాకా ఎక్కి దిగి. పైకి ఎక్కడం, కిందికొచ్చి పడుకోవడం. ఒంటికి కావలసింది అదే. శిఖరం 5,895 మీటర్లు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగం. బాగా పరుగెత్తేవాడికి కొండజబ్బు రాదన్న హామీ లేదు. పైగా వాడు త్వరగా ఎక్కేస్తాడు, అదే ప్రమాదం.

పూర్ణ సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఆ పిల్ల భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ వెళ్ళి, లదాఖ్ చలిలో ఉండి, నెలల తరబడి శిక్షణ పొంది వెళ్ళింది. మస్తాన్ బాబు కిలిమంజారో ఎక్కడానికి ముందు నెలలోనే 6,961 మీటర్ల అకాంకాగువా ఎక్కి వచ్చినవాడు. అంతటివాడు 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్ళి ప్రాణాలతో తిరిగి రాలేదు. వాళ్ళ పేర్లు చెప్పి కేదార్‌కంఠ మనిషిని ఎగదోయకండి.

చార్మినార్_చాయ్:
డాక్టర్ సాబ్, కోపం జేయకుండ్రి. మీ లెక్కనే మీకు ఒప్పజెప్తున్న. మచామేల రెండో రాత్రి షిరా క్యాంపు 3,800 కాదా? మొదటి రాత్రి 3,000. అంటే 800 పెరిగింది, మీ 500 రూలు ఆడ గూడ పాయె. ఇగ అందరు అల్కటిది అనే మరంగు దారి జూడుండ్రి. 2,720, 3,720, 4,720. దినానికి వెయ్యి! ఐదు దినాలల్ల పోయేటోళ్ళకు మధ్యల ఆగుడు గూడ ఉండది. దారి మెత్తగుంటది, మంచాలుంటయ్, గాని తలకాయనొప్పి గంతే. మరి తప్పు ఉంబ్వేదా, దినాలదా?

గుంటూరు_గోలీ:
ఇది సరైన దెబ్బ, ఒప్పుకున్నాను. మరంగు ఐదు రోజుల్లో వెళ్తామంటే కూడా నేను ఇలాగే అరుస్తాను. మచామే ఆరు రోజులకంటే ఏడు మేలు. అయినా ఉంబ్వేకి ఉన్న చిక్కు వేరు. తేడా చేస్తే రాత్రివేళ, తడి వేర్ల మీదుగా, ఆ గట్టు మీద మనిషిని దించాలి. జబ్బు మనిషిని దించడానికి ఆ దారి ఎంత అనువో మీరే ఆలోచించండి.

దారెస్సలాం_దోసె:
పదకొండేళ్ళుగా టాంజానియాలో ఉంటున్నాను, ఆ కొండ రెండుసార్లు ఎక్కాను. డాక్టరు గారి చివరి మాటకి చిన్న సవరణ. బరాంకో నుంచి జబ్బు మనిషిని ఉంబ్వే మీదుగానే దించాలని లేదు, కరంగా శిబిరం వైపు నుంచి, దిగడానికి వాడే మ్వేకా దారికి పోవచ్చు. కాకపోతే ముందు ఆ గోడ ఎక్కాలి. 250 మీటర్ల గోడ. తాళ్ళు అక్కర్లేదు గానీ ఒకచోట రాయిని కౌగిలించుకుని అవతలికి అడుగేయాలి. తల తిరిగేవాడితో అదెలాగో ఊహించుకోండి. మొదటి రాత్రి శిబిరం నుంచే వెనక్కి తిరగాల్సొస్తే మాత్రం ఆ వేర్ల దారే గతి.

ఉంబ్వే వద్దని నేను అనను. వెస్టర్న్ బ్రీచ్ మాత్రం మొదటిసారికి వద్దే వద్దు. 2006 జనవరిలో అక్కడ రాళ్ళు దొర్లి ముగ్గురు అమెరికన్లు చనిపోయారు, ఆ తర్వాత కొంతకాలం దారి మూసేశారు కూడా. రాత్రి మంచు పట్టి ఉంచిన రాళ్ళు ఎండ తగలగానే వదులవుతాయి. అందుకే తెల్లారకముందే హెల్మెట్ పెట్టుకుని ఎక్కిస్తారు. సగం ఎక్కాక ఒంట్లో బాగోలేదంటే వచ్చిన దారిన దిగడం తేలిక్కాదు. చాలామంది ఆ రాత్రి 5,700 మీటర్ల దగ్గర, శిఖరం కింద ఉన్న అగ్నిపర్వత బిలంలోనే (క్రేటర్) పడుకుంటారు కూడా. డాక్టరు గారి 500 లెక్క అక్కడ వెయ్యండి, నేను చెప్పక్కర్లేదు.

మీరెవరూ తలవనివాళ్ళు ఇంకొకరున్నారు, పోర్టర్లు. మీ చేతిలో రెండు కర్రలు, వీపున చిన్న సంచీ. వాళ్ళు అదే వేర్ల మీద 20 కిలోల దాకా మోస్తారు. అంతకు మించకూడదని గేటు దగ్గర తూకం వేస్తారు. మీరు కోరుకునే నిటారు వాళ్ళ మెడ మీద పడుతుంది. మీ బ్యాగులో మూడో జత బూట్లు పెట్టేముందు అది గుర్తు తెచ్చుకోండి. అక్కడ గైడు లేకుండా ఎక్కనివ్వరు. అతను "పోలే పోలే" అంటే మెల్లగా మెల్లగా అని. ముద్దుమాట అనుకుని నవ్వకండి, పాటించండి. దిగమంటే దిగండి.

బెజవాడ_బద్ధకం:
శిఖరం మీద జెండా ఫోటో ఏ దారిలో వెళ్ళినా ఒకేలా వస్తుంది. కొంచెం సుఖంగా ఉండే దారి చూసుకోండి సార్.

మేకపిల్ల:
బద్ధకం గారూ, ఫోటో కోసమైతే అంతదూరం ఎందుకు, ఉండవల్లి గుహల దగ్గర దిగొచ్చు. దోసె గారు చెప్పిన పోర్టర్ల మాట నాకు గుచ్చుకుంది. గోడ మీద నేను రాయిని పట్టుకుని వేలాడుతుంటే ఒకబ్బాయి నెత్తిన మూటతో నన్ను దాటుకుంటూ వెళ్ళాడు. ఆ మూటలో నా దుప్పటే ఉండొచ్చు.

నిడదవోలు_నడక:
అందరికీ దండాలు. ఏజెంటుతో మాట్లాడాను. బ్రీచ్ తీసేశాం. ఆరు కాదు, ఏడు రోజులు. బరాంకోలో రెండు రాత్రులు, మధ్యలో లావా టవర్ దాకా ఎక్కి దిగడం. దారి మాత్రం ఉంబ్వేనే, ఆ మొదటి రాత్రి గుహ దగ్గరి నిశ్శబ్దం చదివాక ఇక మానలేను. పరుగు తగ్గించి, వీపున బరువుతో మెల్లగా నడవడం మొదలుపెట్టాను. కొండజబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి మా డాక్టర్ని అడుగుతున్నా, నాకు సల్ఫా మందులు పడవు.

మూడోవాడు ససేమిరా అన్నాడు. అదే రోజు బయల్దేరే ఇంకో గుంపుతో మచామేలో వస్తాడట. లెక్క వేస్తే మూడో రాత్రి ముగ్గురం బరాంకోలోనే ఉంటాం.

గుంటూరు_గోలీ:
సల్ఫా సంగతి మీ డాక్టరుకి తప్పకుండా ముందే చెప్పండి. అయినా నా ఓటు మీ మూడో మిత్రుడికే. ఆ రాత్రి బరాంకోలో మీ ముగ్గురిలో ఎవరు ఎంత తిన్నారో ఇక్కడ రాయండి.

చార్మినార్_చాయ్:
డాక్టర్ సాబ్, పందెం. నిడదవోలు అన్న రెండోసారి వడ్డించుకుంటడు.