బర్మింగ్‌హామ్ జైలు లేఖ: అలంకారాల పట్టిక వేశాక ఏం రాయాలి?

ప్రశ్న:
అమెరికా నల్లజాతీయుల పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్ 16 తేదీతో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలోని భాషను విశ్లేషించమని మా ఎం.ఏ. ఇంగ్లిష్ తరగతిలో అడిగారు. పునరుక్తి, రూపకం, బైబిల్ ప్రస్తావనలు అన్నీ గుర్తించి పట్టిక వేశాను గానీ, వాటివల్ల లేఖకు ఒప్పించే బలం ఎలా వచ్చిందో రాయబోతే కలం సాగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1:
పట్టికను పక్కన పెట్టి, జాతివివక్షపై పోరాటం ఇప్పుడే వద్దు, ‘ఆగండి’ అన్న సలహాకు ఆయన బదులిచ్చిన పేరా ఒక్కటి తీసుకోండి. అందులో సుమారు 300 మాటల వాక్యం ఒకటి ఉంది. మూకహత్యలు, పోలీసుల క్రౌర్యం, ఏ మోటెల్లోనూ చోటివ్వక రాత్రులు కారులోనే పడుకోవలసి రావడం, ఇలా ఒక్కొక్క అవమానాన్నీ అర్ధవిరామంతో ఆపుతూ, ‘మీరు చూసినప్పుడు’ అన్న ధోరణిలో పేర్చుకుంటూ పోయి, ఆగడం మాకెందుకు కష్టమో అప్పుడు మీకు తెలుస్తుందన్న ప్రధాన వాక్యాన్ని చిట్టచివర పెట్టారు. ఆగమన్నవారు ఆ వాక్యం ముగిసేదాకా తామే ఆగాలి. క్రియ చివర రావడం మనకు అలవాటే కనుక తెలుగువారికి ఇది వింతగా తోచదు. ఇంగ్లిష్‌లో మాత్రం ఏరికోరి చేసిన పని.

జవాబు 2:
పై విశ్లేషణ బాగుంది, కానీ లేఖ ఎవరికి రాశారో చెప్పకపోతే అది సగమే. ఉద్యమానికి ఇది సమయం కాదని ప్రకటన చేసిన ఎనిమిది మంది శ్వేతజాతి మతాచార్యులకు ఇది ప్రత్యుత్తరం. వారిలో ఒకరు యూదు మతగురువు (రబ్బీ). అన్యాయపు చట్టాన్ని ఎందుకు ధిక్కరించవచ్చో వాదించేటప్పుడు క్రైస్తవ తత్త్వవేత్తలు అగస్టీన్, అక్వినాస్‌లతో పాటు యూదు తత్త్వవేత్త మార్టిన్ బూబర్‌ను కూడా సాక్ష్యానికి పిలవడం యాదృచ్ఛికమని నేననుకోను. ఆ మతాచార్యులు కాదనలేని పెద్దలనే కింగ్ ఎంచుకున్నారు.

జవాబు 3:
సర్వనామాలను కూడా గమనించండి. 340 ఏళ్లకు పైగా ‘మేము’ ఆగామని చెప్పిన మనిషి, పెద్ద వాక్యంలోకి రాగానే ‘మీరు’లోకి మారిపోతారు. టీవీ ప్రకటనలో చూసిన ఫన్‌టౌన్ అనే వినోద ఉద్యానవనానికి నల్లజాతి పిల్లలను రానివ్వరని ఆరేళ్ల కూతురికి చెప్పబోయి నాలుక తడబడుతున్న తండ్రి ఆయనే అయినా, వ్యాకరణం ప్రకారం ఆ చోటులో నిలబడినది లేఖ అందుకున్న మతాచార్యుడు. ఆ వాక్యం చివర మళ్లీ ‘మేము’ వస్తుంది. నేనైతే వ్యాసాన్ని ఈ మార్పుతోనే మొదలుపెడతాను; రూపకాల సంగతి రెండు పేరాల్లో తేల్చేయవచ్చు.