బాదం, అంజీర్ దిగుమతి: పక్క దేశం నుంచా, దూర దేశం నుంచా?

గోదారి_మిఠాయి:
అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మాకు మిఠాయి కొట్టు ఉంది. పూతరేకులు ఆత్రేయపురంలో చుట్టించి తెస్తాం, డ్రైఫ్రూట్ లడ్డూలు ఇక్కడే చేస్తాం. ఏడాదికి నాలుగు టన్నుల బాదం పప్పు, ఒక టన్ను అంజీర్, కాస్త పిస్తా, ఖర్జూరం పడతాయి. ఇన్నాళ్లూ హైదరాబాద్ బేగంబజార్ నుంచే తెచ్చుకున్నాం. మా తమ్ముడు ఐఈసీ నంబరు (దిగుమతి, ఎగుమతి చేసేవాళ్లు తీసుకునే కోడ్) తీసుకున్నాడు, ఫీజు 500 రూపాయలే కదా. ఇక అన్నీ నేరుగా తెప్పించేద్దాం అంటున్నాడు. నేనేమో దుబాయ్, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ వైపు చూద్దాం, దగ్గర కాబట్టి సరుకు తొందరగా వస్తుంది అంటాను. వాడు కాలిఫోర్నియా అంటాడు. రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ. మీరు తీర్పు చెప్పండి.

బేగంబజార్_బాబాయ్:
దగ్గరే మేలు నాయనా. నేను 30 ఏళ్లుగా అంజీర్ అమ్ముతున్నాను. ఆఫ్ఘన్ సరుకుకి సాఫ్టా (దక్షిణాసియా దేశాల వాణిజ్య ఒప్పందం) కింద కస్టమ్స్ సుంకం లేదు. పైగా అది ముఖం చూసి చేసే వ్యాపారం. అంజీర్ దండలు వస్తాయి, ఒక కాయ విప్పి లోపల పురుగు ఉందో లేదో చూస్తాం, నచ్చకపోతే అక్కడే రేటు తెగ్గొడతాం. అమెరికా వాడికి ఫోన్ చేసి రేటు తగ్గించు అని అడగగలవా?

పోర్టు_మాస్టారు:
బాబాయ్ గారూ, 2025 ఏప్రిల్‌లో పంజాబ్ సరిహద్దులోని అట్టారి గేటు మూసినప్పుడు ఏం చేశారో కూడా చెప్పండి. (నేను సీహెచ్ఏ, అంటే కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో 22 ఏళ్లు పనిచేశాను, అందుకే ఆ పేరు.) ఆఫ్ఘన్ సరుకు ఎక్కువగా పాకిస్తాన్ మీదుగా లారీల్లోనే వచ్చేది. పహల్గామ్ దాడి తర్వాత గేటు పడింది. మే నెలలో ఆగిపోయిన 160 లారీలను మాత్రం ప్రత్యేకంగా వదిలారు. మ్యాప్‌లో చూస్తే కాబూల్ మనకు పక్కూరే. దారి మాత్రం మన చేతిలో లేదు.

బేగంబజార్_బాబాయ్:
నిజమే మాస్టారూ. ఆ వారం రేటు రోజుకో మాట. బుకింగ్ తీసుకున్నవాళ్లకి మొహం చూపించలేక రెండు రోజులు ఫోన్ ఆఫ్ చేశాను. కానీ అంజీర్‌కి వేరే దేశం ఏదండీ? టర్కీది ఉంది, మనవాళ్ల నోటికి ఎక్కదు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను: ఖర్జూరంలో ఇంకా పెద్ద దెబ్బలు చూశాం. 2019లో పాకిస్తాన్ సరుకు మీద సుంకం ఒక్క రాత్రిలో 200 శాతం చేశారు.

పోర్టు_మాస్టారు:
2025 మేలో అసలు నిషేధమే వచ్చింది. అయినా కొందరు అదే ఎండు ఖర్జూరాన్ని దుబాయ్ చుట్టూ తిప్పి యూఏఈ సరుకు అని తెచ్చారు. జూన్‌లో డీఆర్‌ఐ (స్మగ్లింగ్, సుంకం ఎగవేత పట్టుకునే విభాగం) వాళ్లు 39 కంటైనర్లు పట్టుకున్నారు, 1,115 టన్నులు. మిఠాయి గారూ, అందుకే చెప్తున్నాను, దుబాయ్‌లో ఎవరైనా చవగ్గా ఖర్జూరం ఇస్తానంటే ముందు అది ఏ తోటలో పండిందో అడగండి. ఓడ ఎక్కిన దేశం వేరు, పండిన దేశం వేరు. బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి కాగితంలో, మీ సంతకం ఉంటుంది, దుబాయ్ సేటుది కాదు.

ఫ్రెస్నో_శ్రీను:
నేను ఉండేది కాలిఫోర్నియాలో, బాదం తోటల మధ్యలో. ఆగస్టు వచ్చిందంటే చెట్టు మొదలు పట్టుకుని ఊపే మెషీన్లు తిరుగుతాయి, ఊరంతా దుమ్ము. అన్నా, తమ్ముడు చెప్పేదాంట్లో పాయింటు ఉంది. నలభై అడుగుల కంటైనర్‌లో 20 టన్నుల పప్పు పడుతుంది, కోటి రూపాయల సరుకు అనుకోండి. రెండు నెలలు నీళ్ల మీద, పోర్టులో ఉందనుకున్నా 12 శాతం వడ్డీకి రెండు లక్షలు. కిలోకి పది రూపాయలు. దూరానికి మీరు కట్టే వడ్డీ అంతే. పప్పు మీద సుంకం ఎంతో తెలుసా? కిలోకి 100. 2019 నుంచి 2023 సెప్టెంబరు దాకా అమెరికా సరుకు మీద ఇంకో 20 కూడా వేశారు. ముందు సుంకం గురించి ఆలోచించండి, తర్వాత మైళ్ల గురించి.

పోర్టు_మాస్టారు:
లెక్క బాగుంది శ్రీనూ, ఒక ముక్క కలుపుతాను. పెంకుతో తెస్తే సుంకం కిలోకి 35 మాత్రమే. మంచి రకంలో కిలో పెంకుబాదానికి 700 గ్రాముల దాకా పప్పు వస్తుంది. అంటే కిలో పప్పుకి 50 రూపాయలు, సగానికి సగం. మనదేశానికి ఎక్కువగా పెంకుబాదమే వచ్చేది ఇందుకే. పెంకు కొట్టించుకునే ఏర్పాటు మీకు లేదు కాబట్టి ఈ లాభం ఢిల్లీ వాళ్లది. ఇంకోటి, ఆస్ట్రేలియా. 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం ప్రకారం ఏడాదికి 34,000 టన్నుల బాదం సగం సుంకానికే వస్తుంది. అక్కడ కోత ఫిబ్రవరిలో మొదలు, కాబట్టి దసరా, దీపావళికి ముందే సరుకు మన గోడౌన్లో ఉంటుంది. కాలిఫోర్నియా కొత్త పంట ఆగస్టులో మొదలైతే పండగకి అందడం టెన్షనే.

కరీంనగర్_వసుధ:
అన్నయ్యలూ, మీరంతా కంటైనర్లు అంటున్నారు. ఆయనకి కావాల్సింది ఏడాదికి నాలుగు టన్నులు! 20 టన్నులు తెస్తే ఐదేళ్ల సరుకు. మూడో ఏడాదికి కమురు వాసన వచ్చిన బాదంతో లడ్డూ కడతారా?

నా అనుభవం వినండి. రెండేళ్ల కింద గల్ఫ్ నుంచి ఖర్జూరం తెచ్చాను, ఇంకొకరితో కలిసి. దుబాయ్‌లోని జెబెల్ అలీ నుంచి ముంబై దగ్గరి నవా షేవా పోర్టుకి ఓడ నాలుగు రోజుల్లో వచ్చేసింది. పోర్టులో మాత్రం 23 రోజులు. ఎందుకంటే పెట్టె మీద ఎక్స్‌పైరీ తేదీ స్టిక్కరు ఒక చోట, తయారీ తేదీ ఇంకో చోట, రెండూ పొసగలేదు. ఫుడ్ సేఫ్టీ వాళ్లు ఆపారు. షెల్ఫ్ లైఫ్ ఎంత మిగిలిందో వాళ్లు లెక్క చూస్తారు. కంటైనర్ కిరాయి, యార్డు కిరాయి రోజూ ఎక్కుతూనే ఉన్నాయి. నాలుగో రోజు నుంచి నేను ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. చివరికి రంజాన్ సగం అయ్యాక సరుకు చేతికొచ్చింది. హలీమ్ హోటళ్లు, ఇఫ్తార్ వాళ్లు అప్పటికే కొనేసుకున్నారు. దగ్గర దేశం అని సంబరపడి నేను కాగితాలు సరిగ్గా చూడలేదు. తప్పు నాదే.

ఫ్రెస్నో_శ్రీను:
వసుధక్కా, ఐదేళ్ల సరుకు మాట నిజం. ఒప్పుకున్నాను. నలుగురైదుగురు కలిస్తే?

కరీంనగర్_వసుధ:
కలవడం తేలిక తమ్ముడూ. రేటు పడిపోయిన రోజున ఐదుగురిలో ముగ్గురు ‘నాకు ఈసారి వద్దు’ అంటారు. బ్యాంకులో కాగితాలు ఎవరి పేరున ఉంటాయో వాళ్లే మునుగుతారు.

బేగంబజార్_బాబాయ్:
అమ్మాయి బంగారం లాంటి మాట చెప్పింది. దిగుమతి చేసే వాడి దగ్గర కొనడం చిన్నతనం కాదు. వాడు మోసే డాలరు రేటు, పోర్టు, పురుగు, అన్నింటికీ కలిపి నువ్విచ్చేది ఆ నాలుగు రూపాయలు.

పోర్టు_మాస్టారు:
నాలుగు రూపాయలేనా బాబాయ్?

బేగంబజార్_బాబాయ్:
సరే, పదిహేను. ఇక్కడ కూడా బేరమేనా!

గోదారి_మిఠాయి:
మీ పోస్టులన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. కిలోకి పది రూపాయల వడ్డీ లెక్క విని వాడు ఎగిరి గంతేశాడు, ఐదేళ్ల సరుకు మాట వినగానే కూర్చున్నాడు. ఈ ఏడాదికి బాదం మేం దిగుమతి చేయం. నవీ ముంబై వాశి మార్కెట్లో ఆస్ట్రేలియా సరుకు తెచ్చేవాళ్లని కలిసి ఒకేసారి టన్ను తీసుకుంటాం. మాస్టారూ, సగం సుంకం కోటాలో వచ్చిన సరుకని వాళ్లు చెప్తే ఏ కాగితం చూపించమనాలి?

పోర్టు_మాస్టారు:
సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పే కాగితం), బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ. రెండోది చాలామంది చూపించరు. అడిగితే మాత్రం మీకు లెక్క తెలుసని వాళ్లకి అర్థమవుతుంది, రేటు అక్కడే కొంచెం దిగుతుంది.

గోదారి_మిఠాయి:
అలాగే అడుగుతాను. బాబాయ్ గారూ, అంజీర్ మాత్రం మీ దగ్గరే. ఈ గురువారం హైదరాబాద్ వస్తున్నాను, రెండు పెట్టెలు పక్కన పెట్టండి. విప్పి చూసే కొంటాను.