నాయనకి ప్రోస్టేట్ ఆపరేషన్‌కి ముందు ఎంఆర్ఐ కావల్లంట, బయాప్సీలో తేలిపోయినాక మళ్లీ ఇది ఏంటికి?

చీనీతోట_అనంతపురం:

అందరికీ నమస్కారం. మాది నార్పల పక్కన పల్లె, నాయనకి 66 ఏండ్లు, చీనీ (బత్తాయి) తోట చూసుకుంటా ఉంటాడు. రాత్రిపూట ఊరికే ఒంటికి (మూత్రానికి) లేస్తా ఉంటే అనంతపురంలో చూపిస్తిమి, ప్రోస్టేట్‌కి చేసే రక్తపరీక్ష పీఎస్ఏ 14.2 వచ్చింది, డాక్టర్ సార్ వేలితో చూసి కుడిపక్క గట్టిగా తగుల్తా ఉంది అని బయాప్సీ రాసినాడు. 12 ముక్కలు తీస్తే కుడిపక్కవి నాలుగింట్లో క్యాన్సర్ ఉంది, గ్లీసన్ 4+3=7, గ్రేడ్ గ్రూప్ 3 అని రిపోర్టు, క్యాన్సర్ ఎంత దూకుడుదో చెప్పే నంబర్లంట అవి. బయాప్సీ అయ్యి రెండు వారాలైంది.

రిపోర్టు తీసుకోని బెంగళూరులో యూరాలజిస్ట్ దగ్గరికి పోతే ప్రోస్టేట్ తీసేయల్ల, రోబోతోనా ఓపెన్‌గానా అనేది తర్వాత మాట్లాడుకుందాం, దానికంటే ముందు 3 టెస్లా (అయస్కాంతం బలం) మిషన్‌లో మల్టీపారామెట్రిక్ ఎంఆర్ఐ కావల్ల, అదీ ఇప్పుడే కాదు ఇంకో నెల ఆగి తీపిచ్చుకోని రాండి అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే మా మామ, చిన్నాయన అందరూ ఒకటే మాట, క్యాన్సర్ ఉందని తేలిపోయింది కదరా ఇంగ స్కాన్ ఏంటికి, ఉత్త ఖర్చు, నెల ఆగితే అది ఇంకా పాకిపోదా అని. నాకూ అదే భయం. ఇంకోటి, ఇక్కడే టౌన్‌లో 1.5 టెస్లా మిషన్ ఉంది, మామూలు పెల్విస్ ఎంఆర్ఐ తక్కువలో అయిపోతాది అంటున్నారు, అది చాలదా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, నాయన ఏం మాట్లాడకుండా తోటకి పోయి కూర్చుంటాడు, నాకేం తోచట్లేదు.

కర్నూలు_స్కాన్‌రూమ్:

అన్నా, నేను కర్నూల్లో ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు, రిపోర్టు రాసేది రేడియాలజిస్ట్ సార్లు. మిషన్ దగ్గర ఏం జరుగుతాదో అంతవరకు చెప్తా.

ముందు ఆ నెల సంగతి. సూదితో ముక్కలు తీసినప్పుడు ప్రోస్టేట్ లోపల రక్తం కారి అక్కడే నిలబడిపోతాది. స్కాన్‌లో క్యాన్సర్ నల్లగా కనపడే బొమ్మల్లోనే ఈ పాత రక్తం కూడా నల్లగా కనపడి గందరగోళం చేస్తాది, ఏది గడ్డో ఏది రక్తమో సార్లకి కూడా తేల్చడం కష్టం. అందుకే మామూలుగా బయాప్సీ అయినాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. మీకు రెండు వారాలు అయిపోయింది, ఇంకో నెల అంటే లెక్క సరిగ్గానే చెప్పినాడు మీ సార్. అప్పుడు కూడా మేం టీ1 అనే బొమ్మలు తీసి చూస్తాం, రక్తం ఇంకా మిగిలుంటే అందులో తెల్లగా మెరుస్తాది, ఆ చోటు చూసేటప్పుడు సార్లు జాగ్రత్తపడతారు.

మామూలు పెల్విస్ ఎంఆర్ఐ దీనికి పనికిరాదు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. అందులో నడుము కింద అంతా ఒకేసారి లావు లావు స్లైసుల్లో తీసేస్తారు. ప్రోస్టేట్ ప్రోటోకాల్ అంటే అట్ల కాదు, ఆ చిన్న గ్రంథి ఒక్కదాని మీదే 3 మిల్లీమీటర్ల స్లైసులతో పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి టీ2 బొమ్మలు తీస్తాం. తర్వాత డిఫ్యూజన్ అని ఒకటి ఉంటాది, కణాల సందుల్లో నీళ్లు ఎంత బాగా కదుల్తున్నాయో అది చూపిస్తాది, క్యాన్సర్ ఉన్నచోట కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి నీళ్లకి కదలడానికి చోటుండదు, దాంతో ఏడీసీ మ్యాప్ అనే నీళ్ల కదలిక కొలిచే బొమ్మలో ఆ చోటు నల్లగా, బీ వాల్యూ అనే డిఫ్యూజన్ సెట్టింగు పెంచి తీసిన బొమ్మలో అదే చోటు తెల్లగా వెలిగినట్టు వస్తాది. చివర్న చేతికి గడోలినియం ఇంజెక్షన్ ఇచ్చి రక్తం ఎక్కడ తొందరగా పారుతుందో చూస్తాం. ఈ మూడూ కలిపితేనే మల్టీపారామెట్రిక్. అరగంట నుంచి ముప్పావుగంట దాకా కదలకుండా పండుకోవల్ల.

1.5 టెస్లా అయితే అసలు పనికిరాదని కాదు, మిషన్ మంచిదై ప్రోటోకాల్ సరిగా పెడితే దాంతో కూడా చేస్తారు, కాకపోతే 3 టెస్లాలో బొమ్మ ఇంకా స్పష్టంగా ఉంటాది. ఎక్కడ తీపిచ్చినా ముందే ఫోన్ చేసి రెండు మాటలు అడగండి, ప్రోస్టేట్ ప్రోటోకాల్ చేస్తారా, డిఫ్యూజన్‌లో బీ వాల్యూ 1400 లేదా అంతకంటే పైన ఇస్తారా అని. ఏదో ఒకటి చేస్తాంలే రండి అంటే ఆ సెంటర్ వద్దు.

స్కాన్ రోజు రెండుకి పోయి కడుపు ఖాళీ చేసుకోని రావల్ల. ఇది చిన్న విషయం అనుకుంటారు గానీ ప్రోస్టేట్‌కి ఆనుకోని వెనకే మలద్వారం గొట్టం, అందులో గ్యాస్ ఉంటే డిఫ్యూజన్ బొమ్మ వంకర పోతాది, అదే మాకు ముఖ్యమైన బొమ్మ. కొన్నిచోట్ల చిన్న ఎనీమా ఇస్తారు. ఇంజెక్షన్ ఉంటాది కాబట్టి కిడ్నీలు ఎట్లున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు తెచ్చుకోండి.

సీమ_మిత్రుడు:

అన్నా, ఒకసారి ఆలోచించుకోండి, 66 ఏండ్లకి ఇన్ని స్కాన్లు తీపిస్తే ఆ రేడియేషన్‌కే ఇంకో జబ్బు వస్తాది, మా ఊర్లో అట్లే అన్నారు. నేరుగా ఆపరేషన్‌కి పోండి.

కర్నూలు_స్కాన్‌రూమ్:

తమ్ముడూ, రేడియేషన్ ఉండేది ఎక్స్‌రేలో, సీటీలో, పెట్ సీటీలో. ఎంఆర్ఐ అంతా అయస్కాంతం, రేడియో తరంగాలే, రేడియేషన్ ఒక్క చుక్క కూడా లేదు. దయచేసి ఈ మాట చెప్పి పెద్దవాళ్లని భయపెట్టొద్దు.

కడప_అక్క:

తమ్ముడూ, మా నాయనకి ఇదే ఆపరేషన్ అయింది, అందుకే రాస్తున్నా. మీ మామ అడిగిన ప్రశ్నే మేమూ అడిగినాం, క్యాన్సర్ అని తెలిసినాక ఇంగ ఏం చూడాలని. దానికి మా సర్జన్ సార్ కంప్యూటర్ మీద బొమ్మలు పెట్టి చూపించినాడు. ప్రోస్టేట్ చుట్టూ పల్చటి పొర ఉంటాది, మీ చీనీకాయకి తొక్క ఉన్నట్టు అనుకో. గడ్డ ఆ పొర లోపలే ఉందా, దాటి బయటికి వచ్చిందా, వెనకుండే వీర్యకోశాల్లోకి పోయిందా అనేది బయాప్సీ చెప్పదు, ముక్క ఎక్కడిది అని మాత్రమే చెప్తాది. పొర దాటితే టీ3ఏ అంటారు, వీర్యకోశాల్లోకి పోతే టీ3బీ.

మా నాయనకి ఎడమపక్క గడ్డ పొరకి బాగా ఆనుకోని ఉండింది, పొర అక్కడ రవ్వంత ఉబ్బినట్టు ఉంది చూడండి అని సార్ పెన్నుతో చూపిస్తే నాకు కూడా కనపడింది. కుడిపక్క శుభ్రం. ఆ పొర బయట రెండు పక్కలా సన్నని నరాల కట్టలు పోతా ఉంటాయి, మగవాళ్లకి ఆ పక్క శక్తి ఉండేది వాటివల్లే. కుడిపక్క నరాలు కాపాడతా, ఎడమపక్క మాత్రం గడ్డతో పాటు వెడల్పుగా కోస్తా అని ముందే చెప్పినాడు. స్కాన్ లేకుంటే ఈ నిర్ణయం కడుపు కోసినాక అప్పటికప్పుడు తీసుకోవాల్సి వచ్చేదంట. ఇంకొకటి కూడా కొలిచినాడు, ప్రోస్టేట్ కింద మూత్రనాళం ఎంత పొడవు ఉందో. అది పొడుగ్గా ఉంటే ఆపరేషన్ తర్వాత మూత్రం మీద కంట్రోలు తొందరగా వస్తాదంట, మా నాయనది కొంచెం పొట్టి, అందుకే ఆపరేషన్‌కి ముందునుంచే కింద కండరాలు బిగబట్టి వదిలే ఎక్సర్‌సైజులు మొదలుపెట్టించినాడు. ఇది మీరు కూడా ఈ నెల ఖాళీలో మొదలుపెట్టండి, ఎట్ల చేయాలో ఫిజియోథెరపీ వాళ్లు నేర్పిస్తారు.

ఒక మాట మాత్రం మనసులో పెట్టుకో. ఎంఆర్ఐలో పొర దాటింది అని గట్టిగా రాస్తే చాలాసార్లు అది నిజమే అవుతాది గానీ, దాటలేదు అని రాస్తే గ్యారంటీ లేదు. మైక్రోస్కోపులో తప్ప కనపడనంత సన్నగా దాటేది స్కాన్‌కి దొరకదు. మా నాయనకి అదే అయింది, తీసిన గ్రంథిని ల్యాబులో చూస్తే ఒకచోట దాటింది అని వచ్చింది. సార్ వెడల్పుగా కోసి ఉన్నాడు కాబట్టి అంచులు క్లియర్, ఇప్పుడు మూణ్ణెల్లకోసారి పీఎస్ఏ చూపిస్తా ఉన్నాం.

రిపోర్టు సంగతి కూడా చెప్పాలి. మేం మొదట ఒక సెంటర్‌లో తీపిస్తే రెండు లైన్లు రాసిచ్చినారు, ప్రోస్టేట్ పెద్దదైంది, అనుమానంగా ఒక చోటు ఉంది అని, అంతే. గడ్డ సైజు లేదు, ఏ పక్కో లేదు, క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే పైరాడ్స్ నంబరు లేదు. సర్జన్ సార్ అది పక్కన పెట్టేసినాడు, మళ్లీ డబ్బులు పెట్టి ఇంకోచోట తీపిచ్చినాం. ఆ డబ్బు కంటే ఆ రోజు నాయన మొహం చూడలేకపోయినా. మీకట్ల కాకూడదు, రిపోర్టు ఎవరు రాస్తారో ముందే కనుక్కోండి, మీ యూరాలజిస్ట్‌నే అడిగితే ఏ సెంటర్ రిపోర్టు మీద ఆయనకి నమ్మకమో చెప్తాడు. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకో.

పల్లె_డాక్టరు:

నేను యూరాలజిస్ట్‌ని కాదు, కర్నూలు జిల్లాలో జనరల్ ప్రాక్టీస్. అక్క, టెక్నీషియన్ తమ్ముడు చెప్పినవి సరిగ్గా ఉన్నాయి, రెండు మూడు విషయాలు కలుపుతా.

మీ నాయన కేసులో బయాప్సీ ముందే జరిగిపోయింది గానీ ఇది చదివే మిగతా వాళ్లకోసం చెప్తున్నా, ఇప్పుడు పద్ధతి ఎంఆర్ఐ ముందు, బయాప్సీ తర్వాత. 2017లో ఇంగ్లండులో ప్రామిస్ అని ఒక స్టడీ వచ్చింది, ప్రమాదకరమైన క్యాన్సర్లను మల్టీపారామెట్రిక్ ఎంఆర్ఐ నూటికి 93 పట్టుకుంటే, అల్ట్రాసౌండ్ చూస్తా గుడ్డిగా తీసే బయాప్సీ 48 మాత్రమే పట్టుకుంది. మరుసటి ఏడు ప్రెసిషన్ స్టడీలో ఎంఆర్ఐ చూసుకోని గుచ్చితే అలాంటి క్యాన్సర్లు 38 శాతం మందిలో దొరికితే పాత పద్ధతిలో 26 శాతమే. ముందే స్కాన్ తీసి ఉంటే రక్తం తగ్గేదాకా ఈ నెల ఆగడం కూడా ఉండేది కాదు. మీ ఇండ్లల్లో ఎవరికైనా పీఎస్ఏ ఎక్కువ వస్తే బయాప్సీ రాసేముందు ఎంఆర్ఐ తీయాలా సార్ అని అడగండి.

నెలలో పాకిపోతాదా అనే భయం. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలావరకు నిదానంగా పెరిగేది. మీ నాయనది మరీ నిదానం రకం కాదు, పీఎస్ఏ 10 దాటింది, గ్రేడ్ గ్రూప్ 3, అంటే మధ్యస్తం రిస్కులో పైమెట్టు, ట్రీట్‌మెంట్ కచ్చితంగా కావల్ల. కానీ సరైన ప్లాన్ కోసం ఈ కొన్ని వారాలు ఆగడం వల్ల నష్టం జరగదు. మందులు, ఆకు పసర్లు అంటా ఈలోపల ఎక్కడెక్కడికో తిప్పి నెలలు పోగొట్టుకుంటేనే నష్టం.

ఎంఆర్ఐ ప్రోస్టేట్ దగ్గరి సంగతి చెప్తాది గానీ ఎముకలు, దూరం లింఫు గడ్డలు సరిగ్గా చెప్పలేదు. దానికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఒళ్లంతా ఎక్కడుందో వెతికే పీఎస్ఎంఏ పెట్ సీటీ స్కాన్ ఉంది, 2020లో వచ్చిన ప్రోపీఎస్ఎంఏ స్టడీలో పాత పద్ధతి అయిన సీటీ, బోన్ స్కాన్ కలిపి 65 శాతం సరిగా చెప్తే ఇది 92 శాతం చెప్పింది, అందులో గ్రేడ్ గ్రూప్ 3 వాళ్లనూ తీసుకున్నారు. మీ నాయనకి అది కావల్నా అని సార్‌ని అడగండి, రెండూ ఒకే పని చేసే స్కాన్లు అనుకోని ఒకటి మానేయొద్దు.

చివరిగా, ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. ఈ వయసులో రేడియేషన్‌తో పాటు కొన్ని నెలలు హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చే ట్రీట్‌మెంట్ కూడా ఉంది. స్కాన్ అయినాక రేడియేషన్ ఆంకాలజిస్ట్‌ని కూడా ఒకసారి కలవండి, అప్పుడు నిర్ణయం తీసుకోండి. ఖర్చు కోసం, ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రి అయితే అక్కడ ఆరోగ్యమిత్ర ఉంటారు, మీ కార్డు, బయాప్సీ రిపోర్టు చూపించి ఏవి అందులో వస్తాయో, ఏవి మీరు పెట్టుకోవాలో ముందే రాయించుకోండి.

చీనీతోట_అనంతపురం:

అందరికీ చేతులెత్తి దండం. అక్కా, నువ్వు రాసింది నాయనకి చదివి వినిపిచ్చినా, నరాల సంగతి అమ్మ ముందర చదవలేదు గానీ ఎక్సర్‌సైజుల గురించి మాత్రం ఆయనే మళ్లీ అడిగినాడు. ఇక్కడ మామూలు ఎంఆర్ఐ ఆలోచన మానేసినాం, నెలాగి బెంగళూరులోనే సార్ చెప్పిన సెంటర్‌లో తీపిస్తాం. ఒకటి మర్చిపోయినా చెప్పడం, నాయనకి 2019లో గుండెకి స్టెంట్ వేసినారు, దాంతో ఎంఆర్ఐ మిషన్‌లోకి పోవచ్చా? ఇంకా ఆయనకి మూసిన చోట ఉంటే ఆయాసం వచ్చినట్టు అయితాది.

కర్నూలు_స్కాన్‌రూమ్:

గుండె స్టెంట్ ఉన్నవాళ్లకి మేం రోజూ తీస్తాం అన్నా, భయం లేదు. పేస్‌మేకర్ అయితే వేరే కథ, దానికి ఎంఆర్ఐకి ఒప్పుకునే మోడలా కాదా చూడాలి. అయినా స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు, డిశ్చార్జి పేపరు ఫోటో తీసి సెంటర్ వాళ్లకి ముందే పంపండి. తుంటి కీలు మార్చిన లోహం ఏమన్నా ఉంటే అది కూడా చెప్పండి, ప్రమాదం అని కాదు, పక్కనే కాబట్టి బొమ్మ చెడిపోతాది.

ఆయాసం సంగతి బుక్ చేసేటప్పుడే చెప్పండి. తల లోపలికి పోతాదా లేదా అనేది మిషన్‌ని, పండుకోబెట్టే తీరుని బట్టి ఉంటాది, ఎట్లయినా చేతిలో ఒక రబ్బరు బల్బు ఇస్తాం, నొక్కితే వెంటనే ఆపి బయటికి తీస్తాం. చెవులకి హెడ్‌ఫోన్ పెడతాం, శబ్దం గట్టిగానే ఉంటాది. లోపలికి పోకముందే కండ్లు మూసుకోమని చెప్పండి, మధ్యలో తెరవొద్దని చెప్పండి, మా దగ్గర భయపడేవాళ్లకి అదే బాగా పనిచేస్తాది. మరీ తట్టుకోలేకపోతే డాక్టర్ రాస్తే చిన్న నిద్ర మాత్ర ఇస్తారు, అప్పుడు తోడు ఒకరు కచ్చితంగా ఉండల్ల.