రెండు గ్రాఫిక్స్ కార్డులున్నా గేమ్ చిన్నదాని మీదే నడుస్తోంది

ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌తో వచ్చిన గ్రాఫిక్స్ ఒకటి, విడిగా 4 జీబీ కార్డు ఒకటి ఉన్నాయండి, ర్యామ్ 16 జీబీ, విండోస్ 11. గేమ్ ఓపెన్ చేస్తే 1080పీ లో సెట్టింగ్స్ అన్నీ లో పెట్టినా 20-22 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) దాటట్లేదు, టాస్క్ మేనేజర్‌లో చూస్తే జీపీయూ 0 (ప్రాసెసర్‌తో వచ్చిన చిన్నది) ఏమో 98 శాతం, జీపీయూ 1 (విడిగా ఉన్న పెద్ద కార్డు) మాత్రం 2 శాతం దగ్గర హాయిగా కూర్చుంది. ఛార్జర్ పెట్టే ఆడుతున్నా, టెంపరేచర్ 65 దాటట్లేదు కాబట్టి వేడి సమస్య కాదనుకుంటా.

విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ పెట్టా, కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో కూడా మార్చా, డ్రైవర్ పూర్తిగా తీసేసి మళ్లీ వేశా, తేడా లేదు. డివైస్ మేనేజర్‌లో చిన్నదాన్ని డిసేబుల్ చేస్తే బ్రైట్‌నెస్ మారట్లేదు, గేమ్ అసలు ఓపెనే కావట్లేదు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) మక్స్ స్విచ్, అంటే స్క్రీన్‌ని నేరుగా పెద్ద కార్డుకి కలిపే ఆప్షన్, కనపడలేదు. విచిత్రం ఏంటంటే వేరే గేమ్ ఒకటి పెద్ద కార్డు మీదే బాగా నడుస్తోంది, సమస్య ఉన్న ఈ గేమ్ మాత్రం లాంచర్ (గేమ్‌ని తెరిచే వేరే ప్రోగ్రామ్) నుంచి ఓపెనయ్యేది, అందుకేనా?

ఈ ఒక్క గేమ్‌ని పెద్ద కార్డు మీద నడిపించాలంటే ఇంకెక్కడ ఏం మార్చాలి?