సమస్య: పగిలినట్టి కుండ పదవి దీసె

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇదే. ప్రజాస్వామ్యాన్ని నడిపిన వస్తువుల మీదే పూరించండి. అత్తాకోడళ్ళ కుండలు తెస్తే తీసేస్తాను.

పిల్లకాకి:
గ్రీకు జనము చేరి గీకిరి పెంకుల
పేరు నొకటి, లెక్క బెట్టి చూడ
ఆరువేలు దాట నా నేత వెడలెను
పగిలినట్టి కుండ పదవి దీసె

యతిరాజు: నడక బాగుంది. కానీ ఏథెన్సువాళ్ళు కుండపెంకు మీద పేరు గీకి, ఆ ఓటుతో పీకింది పదవిని కాదు, మనిషిని. పదేళ్ళు ఊరు విడిచిపోవాలి, ఆస్తి మాత్రం అతనిదే. క్రీ.పూ. 482లో వెళ్ళగొట్టిన అరిస్టైడీస్ అనే నేతని, పర్షియా దండెత్తేసరికి గడువు తీరకుండానే వెనక్కి పిలిచారు.

పిల్లకాకి: ఊళ్ళోనే లేనివాడికి పదవెక్కడిదండీ?

నేలవేము: అందరూ గ్రీసుకే పోతారని తెలుసు. నేను తమిళనాట ఉత్తరమేరూరు వెళ్ళొచ్చాను. చోళుల కాలంలో అక్కడ కుండలో పేర్ల చీట్లు వేసి ఊరి కమిటీకి (వారియానికి) సభ్యుల్ని తీసేవారు.
తాటియాకు మీద దగ పేర్లు వ్రాయించి
బాలుచేత లాగ, బయటపడెను
వాడవాడకొక్క వారియ సభ్యుడు
పగిలినట్టి కుండ పదవి దీసె

నిర్వాహకుడు: భళా! అందరూ పదవి ఊడబీకుతుంటే మీరు కుండలోంచి పదవిని బయటికి తీశారు. విరుపంటే ఇదీ.

యతిరాజు: విరుపు సరే, కుండ ఎప్పుడు పగిలింది? పరాంతక చోళుడి నాటి శాసనంలో ముప్ఫై వాడలున్నాయి, చీట్లున్నాయి, లెక్కలు చూపనివాళ్ళని బంధువులతో సహా పక్కన పెట్టడం ఉంది. పగిలిన కుండ మాత్రం లేదు. "పగిలినట్టి" అనాథలా నిలబడింది.

నేలవేము: మరి తమరి పూరణ?

యతిరాజు:
బావిలోన దొరికె పాత పెంకుల గుట్ట
ఒక్క నేత పేరె యొంటిపైన
పద్నాలుగురు రాసి పంచిన పెంకులు
పగిలినట్టి కుండ పదవి దీసె
(ఏథెన్సు కోటగుట్ట అక్రోపొలిస్ పక్క బావిలో దొరికిన పెంకులు, సుమారు 190. వాటిమీద ఉన్నది థెమిస్టొక్లిస్ అనే ఏథెన్సు నేత పేరు. చేతిరాతలు చూస్తే 14 మందివే. రాయడం రానివాళ్ళకి రెడీమేడ్ ఓట్లన్నమాట.)

పిల్లకాకి: ఈ వారానికి ఇదే పద్యం. రిగ్గింగు అప్పట్నుంచీ ఉందన్నమాట!

నేలవేము: తొందరపడకండి. "పద్నా" రెండూ గురువులే. సూర్యగణంలో (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) ఎలా ఇరికించారు? "పదునలుగురు" అంటే సరిపోయేది. పైగా బావిలో పడేసినవి పంచగా మిగిలినవేనని పండితుల అంచనా. ఎవరూ వెయ్యని పెంకు ఎవరి పదవి తీసింది స్వామీ?

యతిరాజు: పంచింది ఆ గుట్టనే అని నేననలేదు. ఇక గణమంటారా, నోటితో చదివి చూడండి, సాఫీగా పోతుంది.

నేలవేము: కిందటిసారి సిరాచుక్క పద్యానికీ ఇదే జవాబు. ఓటరు కుడి వేలికి చుక్క పెట్టారు తమరు! పెట్టేది ఎడమ చూపుడువేలికి.

యతిరాజు: ఎడమచేతికి వేళ్ళే లేకపోతే కుడి చూపుడువేలికి పెట్టమని నిబంధన ఉంది. నా ఓటరుకి ఎడమచెయ్యి లేదు.

నేలవేము: ఆ ముక్క పద్యంలో ఎక్కడుంది?

యతిరాజు: నాలుగో పాదం నిర్వాహకులవారిదాయె. మిగిలిన మూడింట్లో చోటు చాల్లేదు.